పిల్లల కోసం కొన్న పోనీ మాట వినకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలో పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పించాలనుకునే తల్లిదండ్రులు తరచుగా ఆర్కే బీచ్‌లో ఒకసారి పిల్లవాణ్ణి పోనీ (పొట్టి జాతి గుర్రం) ఎక్కించి, అది తల వంచుకుని బుద్ధిగా నడవడం చూసి, అలాంటిదాన్నే కొనాలని నిర్ణయించుకుంటారు. కొన్న తరువాత వచ్చే ఇబ్బందులలో చాలావరకు దాన్ని ఎంచుకునే నాడే కనిపెట్టదగినవి. జీను వేయడం, కళ్ళెం తొడగడం, గిట్టలు శుభ్రం చేయడం మీకు తెలుసునన్న నమ్మకంతో, లక్షణం నుంచి కారణానికి వెళ్ళే వరుసలో రాస్తున్నాను.

పట్టుకుని నడిపిస్తే నడుస్తుంది, తాడు వదలగానే ఆగిపోతుంది

సముద్రతీరంలో రోజంతా మనుషులను మోసే పోనీ, తన పక్కన నడిచే మనిషి భుజాన్ని చూసి కదలడం నేర్చుకుంటుంది. వీపు మీద కూర్చున్నవారి కాళ్ళు, పగ్గాలు ఏదో చెబుతాయన్న సంగతి దానికి ఎవరూ నేర్పలేదు. దీన్ని కొనకముందే తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. దాన్ని నడిపించే మనిషిని ముప్పై అడుగుల దూరం పంపి, బరువు తక్కువగా ఉండి స్వారీ బాగా వచ్చినవారిని ఎక్కించి, మిగతా గుర్రాలకు ఎదురు దిక్కుగా నడిపించి, ఆపించి, రెండు వైపులా తిప్పించి చూడండి. ఇంత సులువైన పరీక్షను చేయకుండానే బయానా ఇచ్చేస్తున్నారు. ఈ ఒక్కటి మాత్రం దయచేసి మానవద్దు.

ఇప్పటికే కొనేసి ఉంటే, ఎక్కినవారు ముందుగా కాలితో, మాటతో సైగ చేయాలి. తాడు పట్టినవారు ఒక క్షణం ఆగి ఆ తరువాతే అడుగు వేయాలి. కొన్ని వారాలలో తాడు వదులవుతుంది, పట్టుకున్న మనిషి తల పక్క నుంచి భుజం పక్కకు, అక్కడి నుంచి మరింత వెనక్కు జరగగలుగుతారు. కొరడాతో తొందర పెడితే ఈ పని మళ్ళీ మొదటికి వస్తుంది.

జీను పక్కకు జారుతుంది, పిల్లవాడి కాళ్ళు నిలవవు

పోనీల వీపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పొట్ట పట్టీని బిగించి, కొద్దిసేపు నడిపించాక మళ్ళీ బిగించాలి. బిగించేటప్పుడు అది ఊపిరి పట్టి పొట్ట ఉబ్బించడం మామూలే. అయినా జారుతుంటే జీను ఆ వీపుకు సరిపోవడం లేదు; కాళ్ళు నిలవకపోతే పోనీ వీపు పిల్లవాడికి మరీ వెడల్పు. గుర్రాల ఎత్తును హ్యాండ్లలో చెబుతారు, ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు; 14.2 హ్యాండ్ల (14 హ్యాండ్ల 2 అంగుళాల) వరకు, అంటే 58 అంగుళాల వరకు ఎత్తున్నవాటిని పోనీలనే అంటారు గాని, ఆరేడేళ్ళ పిల్లలకు 11 నుంచి 12 హ్యాండ్లు, అంటే 44 నుంచి 48 అంగుళాలు సరిపోతుంది. ఈ ఎత్తును తల దగ్గర కాకుండా, జూలు ముగిసేచోట భుజాల మీద కొలవాలి. జాతి పేరు గురించి బేరసారాలలో గడిపే సమయాన్ని ఈ కొలతకు ఇవ్వండి.

నెల రోజులు బంగారంలా ఉండి, తరువాత ఎగరడం, పరుగు తీయడం మొదలుపెట్టింది

నన్ను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టిన కారణం దీని వెనుకే ఉంది. ఇలా జరిగినప్పుడు తల్లిదండ్రులు నేర్పేవారిని మారుస్తారు, మరింత గట్టి కళ్ళెం తెస్తారు, చివరికి పిల్లవాడికే ధైర్యం లేదని తేలుస్తారు. అసలు జరిగింది ఏమిటంటే, కొన్ననాడు మీరు చూసిన నెమ్మదితనం శిక్షణ వల్ల వచ్చినది కాదు. అది ఆకలి వల్ల, అలసట వల్ల వచ్చినది. మీ ఇంట్లో కడుపు నిండా తిని, నులిపురుగుల మందు పడి, రోజంతా విశ్రాంతి దొరికేసరికి, దానికి ఇంతకాలం లేని బలం వచ్చింది.

దీన్ని పట్టుకోవడం కష్టం కావడానికి కారణం దాని పొట్ట. వరిగడ్డి మీదనే బతికే పోనీకి పోషకాలు చాలవు, పురుగులూ ఉంటాయి, కాని పొట్ట మాత్రం పెద్దగా వేలాడుతుంది. చూసినవారు బలంగా ఉందనుకుంటారు. అందుచేత పొట్టను చూడకుండా అరచేతిని పక్కటెముకల మీద ఆనించి చూడండి. సరైన ఒంటితో ఉన్న పోనీలో పక్కటెముకలు కంటికి కనపడవు గాని, కాస్త నొక్కితే చేతికి తగులుతాయి. వెన్నెముక గట్టులా పైకి లేచి, తుంటి ఎముకలు పొడుచుకు వచ్చి, మెడ పలచబడి ఉంటే, పొట్ట ఎంత ఉన్నా అది బక్కచిక్కిన జంతువే.

తరువాత పళ్ళు చూడండి. ముందు పళ్ళ వరుసలో చివరి పాలపళ్ళు ఊడి శాశ్వత పళ్ళు రావడానికి దాదాపు నాలుగున్నరేళ్ళు పడుతుంది. అవి ఇంకా పాలపళ్ళే అయితే, అమ్మేవారు ఎంత వయసు చెప్పినా అది పిల్ల గుర్రం. పై వరుస ముందు పళ్ళలో చివరిదాని మీద చిగురు దగ్గర నిలువు గాడి కనపడడం మొదలైతే దానికి పదేళ్ళకు అటూ ఇటూ ఉంటాయి, పిల్లలకు మంచిది కూడా ఆ వయసే. వయసు తక్కువగా ఉండి బక్కచిక్కిన పోనీని నేను ఏ ధరకూ కొననివ్వను, ఎందుకంటే తిండి పడ్డాక ఎక్కువగా మారేది అదే.

చూడడానికి వెళ్ళేటప్పుడు చెప్పకుండా, తెల్లవారుజామున, అది ఇంకా పనిలోకి దిగకముందే వెళ్ళండి. సాయంత్రం బీచ్‌లో చూసిన పోనీ ఆనాటి శ్రమనంతా మోసుకుని ఉంటుంది. వీలైతే ఒక నెల మంచి మేత ఖర్చు మీరే భరించి, దాన్ని అమ్మేవారి దగ్గరే ఉంచి, ఆ నెల గడిచాక మళ్ళీ ఎక్కి చూడండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే, మేత తగ్గించి మళ్ళీ నీరసపెట్టడం పరిష్కారం కాదు, అది క్రూరం కూడా. ఉలవలు, ఓట్స్, తవుడు వంటి దాణా ఆపండి; మంచి ఎండు గడ్డి, పచ్చగడ్డి మాత్రం కొనసాగించండి. రోజుకు దాని బరువులో 1.5 నుంచి 2 శాతం పొడి మేత, అంటే 200 కిలోల పోనీకి 3 నుంచి 4 కిలోలు కావాలి. రోజూ స్వేచ్ఛగా తిరిగే చోటు ఇచ్చి, బరువు తక్కువైన పెద్దవారు అరగంటకు పైగా స్వారీ చేశాకే, చుట్టూ కంచె ఉన్న చోట, తాడు పట్టుకుని పిల్లవాణ్ణి ఎక్కించండి. రెండు నెలల తరువాత కూడా మారకపోతే అది పిల్లల పోనీ కాదు. కొనేవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి పెద్ద స్వారీదారుకు ఇవ్వండి.

బక్కచిక్కిన పోనీకి మేత పెంచేటప్పుడు వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. దాణా ఎక్కువైన పోనీలకు గిట్టలలో వాపు సులభంగా వస్తుంది. ముందు గిట్టలు వేడెక్కి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి నిలబడి, గట్టి నేల మీద అడుగు వేయడానికి వెనకాడుతుంటే ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవండి.

జీను వేస్తుంటే చెవులు వెనక్కు వాల్చి కరవబోతుంది

చాలావరకు అది నొప్పి. వెన్నెముకకు రెండు పక్కలా వేళ్ళతో నొక్కుతూ వెళ్ళి, ఎక్కడ వీపు కుంగదీస్తుందో చూసి, అక్కడ ఒత్తే జీను మార్చండి. కళ్ళెం లాగినప్పుడు మాత్రమే తల విదిలిస్తే దవడ పళ్ళ అంచులు పదునెక్కి ఉండవచ్చు, అలాగైతే వైద్యుడు అరగదీస్తారు.

ఎండాకాలంలో పది నిమిషాలకే నిలబడిపోతుంది

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన తీరపు ఉక్కలో చెమట ఆరదు కాబట్టి పోనీ ఒంటి వేడి బయటకు పోదు. పాఠం ఉదయం ఏడు లోపు ముగించి, నీడ, నీళ్ళు, నాకడానికి ఉప్పు ఇవ్వండి. విశ్రాంతిలో నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఉండవలసిన ఊపిరి, ఆగిన చాలాసేపటికి కూడా తగ్గకపోయినా, ఒంటి మీద చెమటే పట్టకపోయినా, ఒంటి నిండా నీళ్ళు పోసి, వైద్యునికి చూపించే వరకు స్వారీ మానండి. పిల్లవాడు, జీను కలిసి ఈ కాలంలో పోనీ బరువులో 15 శాతం దాటకూడదు.

చూపు మందగించడం, ఆడ పోనీ ఎదకు రావడం, మత్తుమందు ఇచ్చి అమ్మడం కూడా కొన్నిసార్లు ఇలాంటి ఇబ్బందులకు కారణమవుతాయి. మొదటి రెండింటినీ వైద్యుడు ఒక్కసారి చూస్తే తేలుస్తారు. మూడోదానిపై అనుమానం ఉంటే కొనేనాడే రక్తం తీయించండి.