బ్రిడ్జ్ పెట్టినా వీఎంకి నెట్ రావట్లేదా? ముందు ఇది చూడండి

లైనక్స్ హోస్ట్ (వీఎంలు నడిపే అసలు మెషీన్) మీద వీఎంని, అంటే వర్చువల్ మెషీన్‌ని, బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్‌తో బయటి నెట్‌వర్క్‌కి కలిపినవాళ్ళ కోసం ఇది. ముందు మామూలు చెక్, ఎందుకంటే సగం మంది ఇదే వదిలేస్తారు. బీఆర్0 (బ్రిడ్జ్ పేరు) చేశాక హోస్ట్‌కే నెట్ పోయిందా? ఐపీ ఇంకా ఈటీహెచ్0 (హోస్ట్ అసలు నెట్‌వర్క్ కార్డు) మీదే ఉండిపోయుంటుంది. బ్రిడ్జ్‌లోకి వెళ్ళిన కార్డుకి ఐపీ ఉండకూడదు, బీఆర్0కే ఉండాలి, గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్) రూట్ కూడా దాని మీంచే పోవాలి. హోస్ట్ బానే ఉండి వీఎంకి మాత్రమే లేదంటే 'బ్రిడ్జ్ లింక్' కమాండ్ కొట్టి వీనెట్0 (హోస్ట్ వైపున్న వీఎం కార్డు) ఆ లిస్టులో ఉందో లేదో చూడండి. ఇక ల్యాప్‌టాప్ వైఫైని బ్రిడ్జ్‌లో పెట్టి కుస్తీ పడేవాళ్ళకి ఒక్కటే మాట, అది మామూలుగా పని చెయ్యదు, న్యాట్ (హోస్ట్ ఐపీ చాటునే వీఎం బయటికి పోయే పద్ధతి) వాడుకోండి.

ఇప్పుడు అసలు దొంగ. లక్షణం ఇలా ఉంటుంది: హోస్ట్ నుంచి వీఎంకి పింగ్ పోతుంది, వీఎంలో ఆర్ప్ (ఏ ఐపీ ఏ కార్డుదో కనుక్కునే పద్ధతి) చూస్తే గేట్‌వే మ్యాక్, అంటే దాని కార్డు అడ్రస్, కూడా చక్కగా కనిపిస్తుంది, కానీ గేట్‌వేకి పింగ్ కొడితే ఉలుకూ పలుకూ ఉండదు. నిన్నటిదాకా బానే ఉందండీ, మేమేం మార్చలేదండీ అంటారు. నేనూ ఒకచోట ఆ మాట నమ్మి కేబుల్ మార్చి, స్విచ్ పోర్ట్ మార్చి, చివరికి వీఎంనే మళ్ళీ కట్టి రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. తీరా చూస్తే ఆ మధ్యాహ్నమే ఎవరో వేరే పనికి అదే హోస్ట్‌లో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించారు.

జరిగేది ఏంటంటే, ఐపీ ఫార్వర్డింగ్‌ని (ఒక కార్డులో వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో కార్డులోంచి పంపడం) డాకర్ తనే ఆన్ చేస్తే, అలా దాటే ప్యాకెట్లకి ఫైర్‌వాల్‌లో ఉండే రూల్స్ వరస, ఫార్వర్డ్ చెయిన్, దాని పాలసీని డ్రాప్‌లో (పారెయ్యడం) పెడుతుంది. దానికి తోడు బీఆర్ నెట్‌ఫిల్టర్ అనే కెర్నల్ మాడ్యూల్ లోడ్ అయ్యుంటే బ్రిడ్జ్ మీద పోయే ఐపీ ప్యాకెట్లు కూడా ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) గుమ్మం దాటాల్సిందే, అక్కడే చస్తాయి. ఆర్ప్ ఐపీ ప్యాకెట్ కాదు కాబట్టి దర్జాగా పోతుంది, మనల్ని తప్పుదారి పట్టించేది అదే. ఖాయం చేసుకోవాలంటే వీఎంలో పింగ్ వదిలేసి హోస్ట్‌లో టీసీపీడంప్ (ప్యాకెట్లని చూపించే టూల్) పెట్టండి: వీనెట్0లో ప్యాకెట్ కనిపించి ఈటీహెచ్0లో కనిపించకపోతే, ఫార్వర్డ్ చెయిన్‌లో డ్రాప్ కౌంటర్ ఎక్కుతూ ఉంటే, దొంగ దొరికినట్టే.

ఫిక్స్: నెట్.బ్రిడ్జ్.బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్ అనే కెర్నల్ సెట్టింగ్ విలువ 0 చెయ్యండి. కుబర్నెటీస్ (చాలా కంటైనర్లని కలిపి నడిపే సిస్టమ్) కూడా ఉంటే 0 చెయ్యొద్దు, దానికి 1 కావాలి, అప్పుడు డాకర్-యూజర్ (మన రూల్స్ కోసం డాకర్ వదిలే) చెయిన్‌లో బీఆర్0 నుంచి బీఆర్0కి యాక్సెప్ట్ రూల్ వెయ్యండి. ఇంకో మెలిక, సిస్‌సీటీఎల్ (బూట్‌లో కెర్నల్ సెట్టింగ్స్ పెట్టే) ఫైల్లో 0 రాసి రీబూట్ చేస్తే మళ్ళీ 1 అయిపోతుంది, ఎందుకంటే బూట్‌లో ఆ లైన్ చదివేటప్పటికి మాడ్యూలే లేదు, తర్వాత డాకర్ లేచి లోడ్ చేస్తే డిఫాల్ట్ 1తో వస్తుంది. అందుకే మాడ్యూల్ పేరు మాడ్యూల్స్-లోడ్.డీ (బూట్‌లో ముందే లోడ్ చెయ్యాల్సిన మాడ్యూళ్ళ) ఫోల్డర్లో కూడా రాసి పెట్టండి.

మిగతావి అరుదు. వీఎం లేచిన 30 సెకన్లకి నెట్ వస్తే బ్రిడ్జ్‌లో ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసే ప్రోటోకాల్) ఆపెయ్యండి. క్లోన్ చేసిన వీఎంలు రెండూ కొట్టుకుంటుంటే మ్యాక్ ఒకటే అయ్యుంటుంది. అద్దె సర్వర్ అయితే తెలీని మ్యాక్‌ని వాళ్ళ స్విచ్చే ఆపుతుండొచ్చు, టికెట్ పెట్టి అడగండి.