పెర్ఫార్మెన్స్ కారులో అండర్‌స్టీర్ తగ్గించడం ఎలా?

స్టీరింగ్ తిప్పుతున్నా కారు ముక్కు లోపలికి రాకుండా మలుపు బయటి అంచుకు జారిపోతుంటే అది అండర్‌స్టీర్. వెనక టైర్ల కంటే ముందు టైర్ల పట్టు ముందుగా అయిపోయిందన్నమాట. ముందు పట్టు పెంచాలి, లేదా వెనక పట్టు తగ్గించాలి. లావుపాటి వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో బాడీ ఒరగడాన్ని తగ్గించేందుకు ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) బిగించడం తేలిక కాబట్టి చాలామంది రెండోదానితోనే మొదలుపెడతారు. దాన్ని చివరికి ఉంచండి.

1. ఎక్కడ జారుతోందో పట్టుకోండి

పబ్లిక్ రోడ్డు మీద వద్దు, ట్రాక్ మీదే చేయండి. ఒకే మలుపును ఒకే వేగంతో నాలుగైదుసార్లు తిరగండి. మలుపులోకి దిగేటప్పుడే జారితే తప్పు చాలావరకు కాలిదే: వేగం ఎక్కువై ఉంటుంది, లేదా బ్రేకును ఒక్కసారిగా వదిలేసి ఉంటారు. అలా వదిలితే ముందు చక్రాల మీదికి వచ్చిన బరువు వెనక్కి పోతుంది. స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ బ్రేకును మెల్లగా వదలండి. బయటికి వచ్చేటప్పుడు జారితే యాక్సిలరేటర్ తొందరగా తొక్కుతున్నట్టు. నడిమలుపులో, కాలు నిలకడగా ఉన్నా జారితేనే సెటప్ (టైర్లు, సస్పెన్షన్ అమరికలు) జోలికి వెళ్లండి.

జారడం మొదలయ్యాక ఇంకా తిప్పడం పనికిరాదు. ముందు టైరు తన హద్దు దాటేసింది. స్టీరింగ్ కాస్త వెనక్కి తిప్పి, యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా సడలిస్తే పట్టు తిరిగొస్తుంది.

2. టైర్లు చూడండి

ముందు టైరు అంచు మీద, ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) నుంచి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీదికి సుద్దతో అడ్డగీత గీసి రెండు ల్యాప్‌లు తిరగండి. గీత సైడ్‌వాల్ మీద కూడా చెరిగిపోతే టైరు పక్కకు ఒరిగి నడుస్తోంది. గాలి తక్కువైనా, నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం కారు లోపలివైపు ఒరిగి ఉండే కోణం) చాలకపోయినా ఇలాగే అవుతుంది. ట్రెడ్ అంచుకు చాలా ముందే గీత మిగిలిపోతే గాలి ఎక్కువ. టైర్లు వేడిగా ఉండగానే కొలిచి, ఒక్కో పీఎస్ఐ చొప్పున మార్చండి. చల్లారాక కొలిచిన అంకె వేరుగా ఉంటుంది, వేడి అంకెతో కలపొద్దు.

3. క్యాంబర్, ఆ తర్వాతే టో

అసలు లాభం ఇక్కడుంది. మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపరు ఒకే స్తంభంగా చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్) ఉన్న కార్లలో బాడీ ఒరిగేకొద్దీ బయటి చక్రం నెగటివ్ క్యాంబర్ పోగొట్టుకుంటుంది, టైరు బయటి అంచే భారమంతా మోస్తుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్ తరచూ సున్నాకు దగ్గర్లోనే ఉంటుంది. రోడ్డు మీదా ట్రాక్ మీదా తిరిగే కారుకు మైనస్ 2 డిగ్రీలు మంచి ప్రారంభం. కొంచెమే మార్చాలంటే క్యాంబర్ బోల్టులు చాలు, అంతకుమించి కావాలంటే స్ట్రట్ పై మౌంట్ల స్థానంలో క్యాంబర్ ప్లేట్లు పెట్టాలి. క్యాంబర్ మారిస్తే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) కూడా మారిపోతుంది, కాబట్టి టో తర్వాతే చూసుకోవాలి. ముందు చక్రాలకు 1 మిల్లీమీటరు టో అవుట్ (ముందు అంచులు బయటికి) ఇస్తే మలుపులోకి చురుగ్గా దిగుతుంది. అంతకు మించితే తిన్నని రోడ్డులో అటూ ఇటూ లాగుతుంది, లోపలి అంచు అరుగుతుంది.

కారును మరీ కిందికి దించితే ఇదే స్ట్రట్ ఎదురు తిరుగుతుంది. చక్రాన్ని పట్టే కింది ఆర్మ్ పైకి వాలి, రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) పడిపోతుంది, బాడీ అనుకున్నదానికంటే ఎక్కువ ఒరుగుతుంది.

4. చివరగా యాంటీ రోల్ బార్

బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి అదే కొలతల్లో 22 పెడితే గట్టిదనం దాదాపు 46 శాతం ఎక్కువ. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు. రంధ్రాలున్న బార్ అయితే కొనకు దగ్గరి రంధ్రం మెత్తన, లోపలిది గట్టి. ఒక్కో రంధ్రమే జరిపి మళ్లీ అదే మలుపు తిరగండి.

వెనక మరీ గట్టిపడితే, మలుపు మధ్యలో కాలు తీయగానే తోక బయటికి వస్తుంది. వెనక చక్రాలతో నడిచే కారులో అయితే లోపలి చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది. అక్కడ ముందు బార్‌ను మెత్తబరచడం మేలు. తడి రోడ్డు మీద ఈ తేడా ఇంకా తొందరగా బయటపడుతుంది, అందుకే బార్‌ను మెత్తని రంధ్రానికి మార్చే పానా కారులోనే ఉంచుకోండి.