బొగ్గుల గ్రిల్ మీద పిజ్జా: అడుగు మాడకుండా (నా అనుభవం)

కడపలో మా మిద్దె మీద బొగ్గుల గ్రిల్‌పై పిజ్జా చేస్తే అడుగు మాడిపోయేది, పైన చీజ్ మాత్రం కరిగేది కాదు. బొగ్గులు తగ్గించినా, పిండి మందంగా ఒత్తినా, కింద పెనం పెట్టినా లాభం లేకపోయింది.

చివరికి కుదిరింది ఇలా. బొగ్గులకు బూడిద పట్టాక అన్నీ ఒక పక్కకు నెట్టాను. పల్చగా ఒత్తిన పిండికి నూనె రాసి, పైన ఏమీ వేయకుండా నిప్పుల మీద కాల్చాను. ఒకట్రెండు నిమిషాల్లో బుడగలొచ్చి, అడుగున కమ్మీల చారలు పడగానే తీసి తిరగేశాను. కాలిన వైపే పైకి రావాలి, అసలు కిటుకు అదే. దానిమీద సాస్ పల్చగా పూసి, చీజ్, ముందే వేయించిన ఉల్లిపాయలు చల్లి, నిప్పుల్లేని పక్కకు జరిపి మూత పెట్టాను. చీజ్ చక్కగా కరిగింది, అడుగు కరకరలాడింది.

మాది మూత ఉన్న గ్రిల్. మూత లేనిదానికి ఇది ఇలాగే కుదురుతుందని చెప్పలేను.