ఫ్లాగ్ వేశారు సరే, విజిల్ ఊదాలా వద్దా?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫ్లాగ్, విజిల్ చేతబట్టే అఫీషియల్స్ కోసం. టెక్సస్‌లో హైస్కూళ్లు కూడా దాదాపు కాలేజీ రూల్సే ఆడతాయి కాబట్టి ఇదంతా ఆ లెక్కనే చెబుతున్నా. టీవీలో ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) చూసి వచ్చి, డిఫెండర్ ముందే దూకి ఎదుటివాణ్ణి కదిలించిన తప్పుని అక్కడిలా "న్యూట్రల్ జోన్ ఇన్‌ఫ్రాక్షన్" అని పిలిస్తే ఇక్కడ చెల్లదు. స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ఆట మొదలెట్టే క్షణానికి) ముందు కదిలే తప్పులకి శిక్ష ఎలాగూ 5 గజాలే, పేరేదైతేనేం అనిపిస్తుంది. ఫ్లాగ్ (తప్పు జరిగిందని చూపే పసుపు గుడ్డ) అన్నిటికీ పడుతుంది, తేడా ఎక్కడంటే కొన్నిటికి విజిల్‌తో ఆట అక్కడే ఆగిపోవాలి, కొన్నిటికి ఆడనివ్వాలి.

సమస్య: గార్డు (బంతి ఉన్న జట్టు, అంటే ఆఫెన్స్, ముందు వరసలోని లైన్‌మన్), ఎదురుగా ఉన్న డిఫెండర్ ఇద్దరూ కదిలారు, ఎవరు ముందో తెలీలేదు.
కారణం, మీరు బంతినే చూస్తున్నారు. చూడాల్సింది రెండు లైన్ల మధ్య బంతి పొడవంత ఉండే ఆ ఖాళీ జాగాని. డిఫెండర్ ముందు అందులోకి దూకితే, ఎదురుగా ఉన్న లైన్‌మన్ వెంటనే ఉలిక్కిపడితే, విజిల్ ఊదండి, ఆఫ్‌సైడ్. లైన్‌మనే ముందు కదిలితే కూడా విజిలే, కానీ ఫాల్స్ స్టార్ట్ (ఆఫెన్స్ ముందే కదిలిన తప్పు). ఎక్కడో చివర నిలబడ్డ రిసీవర్ (పాసులు పట్టేవాడు) ఉలిక్కిపడితే అతన్నెవరూ బెదిరించలేదు, తప్పు అతనిదే. డిఫెండర్ ఎవర్నీ తాకకుండా, ఎవర్నీ కదిలించకుండా స్నాప్‌లోపు వెనక్కొచ్చేస్తే ఏమీ లేదు, ఆడనివ్వండి. రెండు వైపులా ఫ్లాగులు పడితే అక్కణ్ణుంచే అరవకుండా దగ్గరికెళ్లి మాట్లాడుకుని, అప్పుడు రెఫరీకి చెప్పండి.

సమస్య: మోషన్‌లో ఉన్న (స్నాప్‌కి ముందు చోటు మారుతూ కదులుతున్న) కుర్రాడు లైన్ వైపు జరిగాడని విజిల్ ఊదేశారు, కోచ్ మీ మీద విరుచుకుపడ్డాడు.
కోచ్‌దే రైట్. నేనూ ఒకసారి ఇలాగే చేశా: నా విజిల్, స్నాప్ దాదాపు ఒకేసారి పడ్డాయి, డిఫెన్స్ ఆ పాస్‌ని మధ్యలో పట్టేసి ఇంటర్‌సెప్ట్ చేసింది, కానీ ఆట అప్పటికే ఆగిపోయిన లెక్క, ఆ ఇంటర్‌సెప్షన్ కాస్తా గాల్లో కలిసిపోయింది, ఆ సైడ్‌లైన్ పక్కనే మిగతా క్వార్టరంతా నిలబడాల్సొచ్చింది. స్నాప్ పడే క్షణంలో ముందుకు వస్తుంటేనే అది ఇల్లీగల్ మోషన్, అంతకుముందు అతను ఆగి సర్దుకోవచ్చు. అందుకని స్నాప్ దాకా ఆగి, ఫ్లాగ్ మాత్రం వేసి, విజిల్ జోలికి పోకుండా ఆడనివ్వండి. డిఫెన్స్‌కి లాభమైతే వాళ్లే పెనాల్టీ వద్దంటారు. ఒక్క మినహాయింపు: మెల్లగా జరగడం కాకుండా, ఆట మొదలైనట్టు ఒక్కసారిగా ఉరికితే అది ఫాల్స్ స్టార్టే. క్వార్టర్‌బ్యాక్ (స్నాప్ అందుకుని ఆట నడిపేవాడు) తల విదిలించి డిఫెన్స్‌ని లాగాలని చూసినా అంతే, చెయ్యి నేలకానించిన గార్డు దాన్ని పైకెత్తినా అంతే.

సమస్య: ఇద్దరు షిఫ్ట్ అయ్యారు (ఒకేసారి చోటు మార్చారు), స్నాప్‌కి ముందు ఉండాల్సిన సెకను ఆగారో లేదో సందేహం.
మొదటివాడు ఆగగానే లెక్క మొదలెట్టి ఉంటారు. ఆఖరివాడు కూడా పూర్తిగా కదలకుండా ఆగాక "వన్ థౌజండ్ వన్" అనుకోండి, పూర్తికాకుండానే స్నాప్ పడితే ఇల్లీగల్ షిఫ్ట్. ఇక్కడా ఫ్లాగే, విజిల్ లేదు. నిజంగా సందేహంగా ఉంటే మాత్రం ఫ్లాగ్ నడుముకే ఉంచుకోండి.