ఇషాపూర్ రైఫిల్: కొనేముందు, విప్పేముందు

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై, అమెరికాలో మిలిటరీ సర్‌ప్లస్‌గా (సైన్యం వాడి వదిలేసిన సరుకుగా) అమ్మే ఇషాపూర్ రైఫిళ్లు రెండు రకాలు. ఒకటి 1907 నాటి బ్రిటిష్ డిజైన్‌తో చేసిన త్రీ నాట్ త్రీ. రెండోది చైనా యుద్ధం తర్వాత, 1960ల్లో, అదే డిజైన్‌ని 7.62 నాటో తూటాకి సరిపడేలా గట్టి స్టీలుతో కొత్తగా చేసిన 2ఎ, 2ఎ1. పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి, తూటాలు మాత్రం వేరు. (ఇండియాలో రెండూ ప్రొహిబిటెడ్ బోరే, అంటే మామూలు పౌరులకి లైసెన్స్ ఇవ్వని రకం.)

ముందు బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తెరిచి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. తర్వాత ట్రిగ్గర్ వెనక, చెక్క బట్ (భుజానికి ఆనించే భాగం) దూరే ఇనుప సాకెట్‌కి కుడివైపు చదవండి. కిరీటం, జీఆర్‌ఐ (జార్జ్ రాజు ముద్ర) ఉంటే బ్రిటిష్ కాలంది. ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) ఉంటే స్వాతంత్ర్యం తర్వాతది. మోడల్ పేరు అరిగిపోయిందా? మ్యాగజీన్ చూడండి: 7.62ది పెట్టెలా చదరంగా ఉంటుంది. వెనక సైట్‌పై (గురి చూసే పట్టీపై) 800 దాకానే అంకెలుంటే 2ఎ1. 2ఎ మీద కూడా త్రీ నాట్ త్రీ లాగే 2000 ఉంటుంది కాబట్టి సైట్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

డీపీ అని కొట్టి ఉంటే అది కవాతుకే వాడే డ్రిల్ రైఫిల్, ఎన్‌సీసీ చేసినవాళ్లకి తెలిసిందే. దాన్ని పేల్చకూడదు. అంతే.

బోల్ట్ నంబరు, బాడీ నంబరు కలవకపోతే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ, తూటా ఆనే చోటుకీ మధ్య ఖాళీ) కొలిపించకుండా పేల్చొద్దు. త్రీ నాట్ త్రీలో 0.064 అంగుళాల గేజ్ (కొలత బిళ్ల) మీద బోల్ట్ మూసుకోవాలి, 0.074 మీద మూసుకోకూడదు. ఆ లెక్క తూటా రిమ్‌ది (అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచుది). 7.62కి రిమ్ లేదు, దానికి వేరే గేజ్ కావాలి.

ఎక్కువమంది చెక్క పగలగొట్టేది విప్పేటప్పుడే. బట్ లోపలి పొడవాటి బోల్ట్‌ని (ఇది బట్‌ని బిగించే మర) ముందుగా తిప్పొద్దు. దాని చివర నలుచదరంగా ఉండి, ముందు చెక్క వెనకున్న ప్లేట్‌లో ఇరుక్కుని ఉంటుంది. తిప్పితే ఆ చెక్క చీలిపోతుంది. నోస్ క్యాప్ (బ్యారెల్ కొసన ఉండే ఇనుప తొడుగు), ట్రిగ్గర్ గార్డ్, ముందు చెక్క ఊడాకే బట్ జోలికెళ్లాలి.

పాత తూటాల ప్రైమర్ (మందుని అంటించే అడుగు బిళ్ల) బ్యారెల్‌లో ఉప్పు వదులుతుంది. నూనెతో ఉప్పు కరగదు, కింద తుప్పు పడుతూనే ఉంటుంది. పేల్చిన రోజే చాంబర్ వైపు నుంచి మరిగే నీళ్లు గరాటుతో పోయండి. పుల్ త్రూకి (బ్యారెల్‌లోంచి లాగే బరువు కట్టిన తాడుకి) 4×2 అంగుళాల పొడి చిందీ (గుడ్డ ముక్క) కట్టి, అది తెల్లగా వచ్చేదాకా లాగండి. చివర్లో నూనె చిందీ, 4×1½. మర్నాడు చిందీ మళ్లీ ఎర్రగా వస్తే నీళ్లతోనే మొదలెట్టాలి.