పాత అంబాసిడర్‌కి బుష్‌లు కొనేముందు గోరుతో నొక్కి చూడండి

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు బుష్‌లు (ఇనప భాగాలు కలిసేచోట వేసే రబ్బరు ముక్కలు) లాంటి సస్పెన్షన్ సామాను కావాలంటే చిన్న చిన్న కొట్లే దిక్కు, నెల్లూరులో దొరక్కపోతే చెన్నై పుదుపేట దాకా పోవాల్సిందే. పోయేటప్పుడు పాత ముక్కని విప్పి, శుభ్రంగా తుడిచి సంచిలో వేసుకుని పోండి. "అన్ని మోడళ్లకీ ఇదే సరిపోద్దన్నా" అంటే నమ్మి నేను తెచ్చుకున్న, కమాన్ కట్టని (ఉక్కు పట్టీల స్ప్రింగుని) బండికి తగిలించే షాకిల్ బుష్‌ల రంధ్రం ఒక మిల్లీమీటరు పెద్దది, బండి ఒంగోలు చేరేలోపే వెనకనుంచి టకటకమని చప్పుడు మళ్లీ మొదలైంది.

రబ్బరు విషయంలో మాత్రం మొహమాటపడకండి. ఏళ్ల తరబడి అరలో పడున్న సరుకు కవర్లో నల్లగా మెరుస్తానే ఉంటుంది గానీ లోపల గట్టిపడిపోయి ఉంటుంది. గోరుతో గట్టిగా నొక్కితే కాస్త దిగి మళ్లీ పైకి రావాలి, రాయిలా ఉన్నా, వంచినప్పుడు సన్నటి నెర్రెలు కనపడినా అక్కడే వదిలేయండి. షాక్ అబ్జార్బర్ అయితే నిలబెట్టి ఐదారుసార్లు పూర్తిగా లాగి నొక్కండి, ఆ తర్వాత కూడా మధ్యలో చేయి ఖాళీగా జారితే వద్దు. కొంటే జతగానే కొనండి. పార్సిల్‌లో తెప్పించుకునేవాళ్లు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడగండి, నిజాయితీగా అమ్మేవాళ్లు విసుక్కోకుండా పంపిస్తారు.

ఇంకోటి, కమాన్ కట్టల బుష్ బోల్టుల్ని బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకండి. చక్రాలు నేలకి ఆని బరువు పడ్డాకే బిగించాలి, లేకపోతే మెలిపడిన రబ్బరు కొత్తదైనా తొందరగా చిరిగిపోతుంది.