విజయవాడలో పాత కారు ఎలా కొనాలి, ఎలా కాపాడుకోవాలి?

విజయవాడలో పాత కారు కొనేవారు 2024 సెప్టెంబరును గుర్తుపెట్టుకుని బేరానికి కూర్చోవాలి. ఆ నెల మొదట్లో బుడమేరు వాగు నీరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ముంచెత్తింది. ఇళ్ల ముందు నిలిపిన బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి కారును కడిగించి, సీట్లు మార్పించి, పాలిష్ పెట్టిస్తే పైకి ఏ లోపమూ కనిపించదు. మునిగిన సంగతి చెప్పి ధర తగ్గించి అమ్మితే అది న్యాయమైన బేరమే. దాచిపెట్టి అమ్మితే మాత్రం కొన్నవారి ప్రాణాలతో చెలగాటమాడినట్టే. ఎయిర్‌బ్యాగులను నడిపించే పెట్టె చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర, కింది భాగంలో ఉంటుంది. దానిలోకి నీరు చేరితే అవసరమైన క్షణాన బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు.

మొదట నీటి జాడ వెతకండి

కారును పగటి వెలుతురులోనే చూడండి. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా, ఇక రాదు అన్నంతవరకు లాగండి. రోజూ బయటికి వచ్చే భాగాన్ని ఎవరైనా శుభ్రం చేస్తారు. లోపల చుట్టుకుని ఉండే చివరి మూరెడు మాత్రం చాలామందికి గుర్తుకు రాదు. అక్కడ బురద చారగానీ, రెండు రంగులుగా విడిపోయిన గీతగానీ ఉంటే కారులోకి నీరు చేరిందని అదే చెబుతుంది. తర్వాత సీటును ముందుకు జరిపి కింది పట్టాలు, బోల్టులు చూడండి. మిగతా కారంతా మెరుస్తూ అవి మాత్రం తుప్పు పట్టి ఉంటే అనుమానించాల్సిందే. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంట మూలల్లో ఎండిన ఒండ్రు ఉందేమో వేలితో తడమండి. కాళ్ల దగ్గరి మ్యాటు కాదు, దాని కింది కార్పెట్ లేపి చూడాలి. బానెట్ కింద ఫ్యూజు పెట్టె తెరిస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపించవచ్చు. వైరింగులో మొదలైన చిలుము నెలల తర్వాత ఒక్కో సెన్సారునూ పాడుచేస్తూ పోతుంది. అందుకే మునిగిన కారు కొన్న కొత్తలో బాగానే తిరుగుతుంది.

సువాసన స్ప్రే గుప్పుమంటున్న కారులో అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, కాసేపు కూర్చోండి. తడికి ముక్కిపోయిన వాసన దాగదు.

చల్లటి ఇంజిన్‌నే స్టార్ట్ చేయించండి

పొద్దున్నే వస్తామని, అప్పటిదాకా బండి తీయవద్దని యజమానికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. స్టార్టింగ్ ఇబ్బందిని దాచడానికే ముందుగా వేడిచేసి ఉండవచ్చు. ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీలాంటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తుండవచ్చు. మెకానిక్ కారణం తేల్చేదాకా బేరం ముందుకు సాగనివ్వవద్దు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం.

నడిపి చూడటానికి ఖాళీ రోడ్డు ఒక్కటే చాలదు. మధ్యాహ్నం ఏసీ వేసి వన్‌టౌన్ రద్దీలో తిప్పండి. వేడి చూపించే ముల్లు పైకి పాకితే రేడియేటర్‌లోనో ఫ్యానులోనో లోపం ఉండవచ్చు.

మీ మెకానిక్‌ను మీరే తెచ్చుకోండి

బండ్ల మరమ్మతు షెడ్లకు పేరున్న ఆటోనగర్ మన ఊళ్లోనే ఉంది. అమ్మేవారు చూపించిన షెడ్డుకు కాకుండా, మీకు నమ్మకమైన మనిషి దగ్గరికి బండి తీసుకెళ్లి, లిఫ్టు ఎక్కించి అడుగు భాగం చూపించండి. అతని సమయానికి డబ్బు ఇవ్వండి. దానికి వెనకాడి లక్షలు పోగొట్టుకోవద్దు. అడుగున కొత్తగా నల్ల కోటింగ్ వేసి ఉంటే దాని కింద ఏముందో గీకి చూడమనండి. కిలోమీటర్ల మీటరును మాత్రం ఒంటిగా నమ్మకండి. కంపెనీ సర్వీసు సెంటర్ రికార్డును యజమాని ద్వారా తీయించి, ప్రతి సర్వీసు దగ్గర నమోదైన అంకెలతో పోల్చండి.

కాగితాలు

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఆర్సీ, బీమా వివరాలు చూడండి. పెండింగ్ చలానాలు కూడా చూసుకోండి. ఆర్సీ మీది ఛాసిస్ నంబరును కారు మీది అంకెలతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. రుణం ఉన్న కారైతే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 (ఆర్సీ నుంచి రుణం తీసేయించే పత్రం) చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. హైదరాబాద్ నుంచి తెచ్చే బండి చవకగా కనిపిస్తుంది గానీ, అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలుపుకొని ధర లెక్కవేయాలి.

యాజమాన్య మార్పిడి పత్రాలైన ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక పేరు మార్పిడిని వాయిదా వేయకండి. కొన్నవారికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమాలో దొరికే తగ్గింపు) మీకు రాదు.

కొన్నాక

కారుకు పెట్టుకున్న డబ్బులో కొంత మొదటి నెల కోసం మిగల్చండి. పాత రికార్డు ఎంత బాగున్నా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), బ్రేక్ ఆయిల్ మార్పించాలి. టైమింగ్ బెల్టు (వాల్వులను సమయానికి తెరిపించే పట్టీ) ఉండే ఇంజినైతే, అది ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేనప్పుడు కొత్తది వేయించండి. తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి, అప్పుడు ఖర్చు భరించలేరు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారైనది. గాళ్లు అరగకపోయినా ఆరేళ్లు దాటిన టైర్లతో మే ఎండలో జాతీయ రహదారి ఎక్కవద్దు.

మన ఎండలకు అన్నిటికన్నా ముందు దెబ్బతినేవి బ్యాటరీ, కూలెంట్. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి, లోపల సున్నం పేరుకుంటుంది. ఫిబ్రవరిలోనే రెంటినీ పరీక్ష చేయించండి. వానాకాలంలో నీళ్లలో ఆగిపోయిన బండిని మాత్రం మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. తోసుకుని గట్టెక్కించి, షెడ్డుకు లాగించండి.